కొత్త పద్ధతిలో ఊళ్ళో ఇళ్ళు కట్టిస్తున్నారా? గోడ లేవకముందే తేల్చుకోవాల్సినవి ఇవి

మట్టి బ్లాకులతో కడితేనో, ర్యాట్ ట్రాప్ గోడ (ఇటుకలు నిలబెట్టి మధ్యలో సందు వదిలేది) లేపితేనో, ఫిల్లర్ స్లాబు (కింది భాగంలో కొంత కాంక్రీటు బదులు పెంకులు పెట్టేది) పోస్తేనో ఖర్చు తగ్గుతుందట కదా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్ళలో ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవాళ్ళు ఉన్నారు, ఒకే ఊళ్ళో పది, ఇరవై ఇళ్ళ పని ఒక్కసారిగా నెత్తిన పడ్డ కుర్ర సూపర్‌వైజర్లూ ఉన్నారు. అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, ఏ పద్ధతి చవక?" దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట వైపు ఊళ్ళల్లో తొమ్మిదేళ్ళుగా సైట్లు చూస్తున్నా కాబట్టి చెప్తున్నా, నిజానికి ముందు అడగాల్సింది అది కాదు. మామూలు ఇటుక గోడలో కిటికీ రెండంగుళాలు పక్కకు పోయినా, స్విచ్చు బోర్డు మర్చిపోయినా, పగలగొట్టి మళ్ళీ మాలు కొట్టి, పైన ప్లాస్టరింగ్ చేస్తే ఎవరికీ కనపడదు. ఈ కొత్త పద్ధతుల్లో ప్లాస్టరింగ్ మానేయడమే సగం ఆదా, అంటే తప్పును దాచే పైపూతే ఉండదు. అందుకే మనం గోడ కట్టేటప్పుడు తీసుకునే నిర్ణయాలన్నీ ఇక్కడ గోడకు ముందే తీసుకోవాలి. ఆ పని చేయకుండా "చవక పద్ధతి" అని మొదలుపెట్టినవాళ్ళకు మామూలు ఇంటికంటే ఎక్కువ ఖర్చవడం నేను కళ్ళారా చూశాను.

ముందు ఊరు చూడండి, తర్వాత పద్ధతి

కేంద్రం 2021 జనవరి 1న కొత్త పద్ధతుల్లో ఇళ్ళు కట్టడానికి లైట్ హౌస్ ప్రాజెక్టుల పేరుతో ఆరు నగరాల్లో శంకుస్థాపన చేసింది. చెన్నైలో ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే కాంక్రీటు భాగాలు), రాజ్‌కోట్‌లో టన్నెల్ ఫార్మ్‌వర్క్ (కాంక్రీటు పోసే అచ్చు), ఇండోర్‌లో శాండ్‌విచ్ ప్యానెళ్ళు, రాంచీలో గదికి గది ఫ్యాక్టరీలో పోసి తెచ్చే పద్ధతి, అగర్తలాలో స్టీలు ఫ్రేము, లక్నోలో పీవీసీ ఫార్మ్‌వర్క్. ఒక్కోచోట సుమారు వెయ్యి ఇళ్ళు. వీటి వీడియోలు చూసి మన ఊళ్ళో కూడా ఇలాగే చేద్దామని వచ్చేవాళ్ళు ఉన్నారు. ఆ ఆశ తప్పు కాదు కానీ ఒక్కసారి ఊళ్ళో సందు వెడల్పు కొలవండి. క్రేను తిరగడానికి దారి ఉందా, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయి, ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ ప్లాను ఒకటేనా? అల్యూమినియం షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) సెట్టు డబ్బులు తిరిగి రావాలంటే ఒకే కొలతల ఇల్లు పదే పదే పోస్తూ ఉండాలి. ఇందిరమ్మ ఇళ్ళల్లో ఎవరి జాగా వాళ్ళది, ఎవరి దిక్కు వాళ్ళది, 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా ఎవరి ప్లాను వాళ్ళది. అక్కడ క్రేను పద్ధతి నడవదు. కాలనీలా ఒకే చోట వందల ఇళ్ళు, అదీ రెండు మూడు అంతస్తులైతే ఆలోచించండి.

చిన్న ఊళ్ళకు నాకు నచ్చినవి మూడే. ఎర్ర చెల్క, మొరం దొరికితే సిమెంటు కలిపి నొక్కిన మట్టి బ్లాకులు. సైజు సమానంగా ఉన్న ఇటుక దొరికితే ర్యాట్ ట్రాప్ గోడ. రెండింటి మీదా ఫిల్లర్ స్లాబు. ఫ్లై యాష్ ఇటుక సైజు బాగుంటుంది, కాబట్టి ర్యాట్ ట్రాప్‌కు పనికొస్తుంది. ఊరి బట్టీలో చేత్తో అచ్చుపోసిన ఇటుక ఒకటి ఎనిమిదిన్నర అంగుళాలు, ఇంకోటి తొమ్మిది ఉంటే దానితో ఈ గోడ కట్టొద్దు. ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలతో తేలిగ్గా ఉండేవి) హైదరాబాద్ వైపు నుంచి వస్తాయి, రవాణా కలుపుకుని చూడండి. వాటిని ఇటుకలా నీళ్ళల్లో నానబెట్టొద్దు, తడి చేతితో తుడిచినట్టు చిలకరిస్తే చాలు. మాలు బలంగా కలిపితే గట్టిగా ఉంటుందనుకుంటారు, ఆ బ్లాకులకు గట్టి మాలే పగుళ్ళు తెస్తుంది.

నల్లరేగడి జాగా అయితే గోడ సంగతి తర్వాత, పునాది సంగతి చూడండి. ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నేల అది. మామూలు రాతి పునాది మూడడుగులు తవ్వి వేస్తే రెండో వానాకాలానికి దర్వాజ పైన వాలుగా పగులు వస్తుంది. దానికి అండర్ రీమ్డ్ పైల్స్ అనే పద్ధతి ఉంది, కింద గుమ్మటంలా వెడల్పు చేసి పోసేవి. సాధారణంగా 3.5 మీటర్ల లోతు, గుమ్మటం వెడల్పు పైల్ వ్యాసానికి రెండున్నర రెట్లు. ఇది అందాజాగా చేసే పని కాదు, ఇంజనీరుతో డ్రాయింగ్ వేయించుకోండి.

మట్టిని మీరే పరీక్షించండి

మట్టి బ్లాకు అంటే చాలామంది ఇంటి ముందు మట్టి తవ్వి మిషన్‌లో వేయడమే అనుకుంటారు. పై అడుగు, అడుగున్నర మట్టిలో వేర్లు, పెంట, ఆకులు కలిసి ఉంటాయి, అది తీసి పక్కన పోయండి, చెట్లకు పనికొస్తుంది. చెరువు పూడిక మట్టి కూడా వద్దు, పొలానికి బంగారం అది, బ్లాకుకు మాత్రం చేటు. కింద తేలే గరుకు ఎర్రమట్టి మనకు కావాల్సింది.

ఒక గాజు సీసా తీసుకోండి, పచ్చళ్ళ సీసా అయినా సరే. మూడోవంతు మట్టి, మిగతాది నీళ్ళు, చిటికెడు ఉప్పు. మూత బిగించి బాగా ఊపి పెట్టండి, గంటాగి ఇంకోసారి ఊపి కదపకుండా వదిలేయండి. గులకరాళ్ళు, ఇసుక నిమిషంలోనే అడుగుకు దిగుతాయి. దాని మీద సన్న ఒండ్రు అరగంట, ముప్పావు గంటలో సర్దుకుంటుంది. బంక మట్టి గంటల తరబడి నీళ్ళల్లోనే తేలి, తెల్లారేసరికి పైన పల్చటి పొరగా కూర్చుంటుంది. పొద్దున్నే స్కేలు పెట్టి పొరలు కొలవండి. గులకరాయి 15, ఇసుక 50, ఒండ్రు 15, బంకమట్టి 20 పాళ్ళు దరిదాపుల్లో ఉంటే సిమెంటుతో మంచి బ్లాకు వస్తుంది. బంక ఎక్కువైతే ఇసుకో, క్రషర్ డస్టో కలపాలి. నల్లరేగడిలా మరీ బంకగా ఉంటే సిమెంటుతో లాభం లేదు, ఆ మట్టి వదిలేయండి. ఈ సీసాలు సైటు ఆఫీసులో వరసగా పెట్టి, ఏ గుంతలో మట్టో చీటీ అతికించండి. మొదటి సైట్లో నేను ఒక్క గుంతకు పరీక్ష చేసి ధీమాగా ఉన్నా. పదిహేను రోజులకు ట్రాక్టర్ అతను దగ్గరగా ఉందని ఇంకో చోట తవ్వి తెచ్చాడు. రంగు ఒకటే, చూపుకు తేడా లేదు. ఆ వారం బ్లాకులన్నీ అంచులు రాలిపోయాయి, వాటిని చివరికి పునాది లోపల నింపాల్సి వచ్చింది.

తడి చూడటానికి ఇంకా సులువైన పద్ధతి ఉంది. సిమెంటు కలిపిన మట్టిని పిడికిట్లో నొక్కి ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిపోయింది. పొడి పొడిగా రాలితే నీళ్ళు తక్కువ, రొట్టెలా చదునై అతుక్కుంటే ఎక్కువ. ప్రతి కలుపుకూ చేయించండి, మిషన్ దగ్గర ఉన్న ఆడవాళ్ళకు రెండు రోజుల్లో చేత్తో పట్టి చూసే చెప్పేసేంత అలవాటవుతుంది. సిమెంటు బరువులో 5 శాతం నుంచి మొదలుపెడతాం. ముందు పొడిగా కలిపి, తర్వాతే నీళ్ళు. కలిపింది అరగంటలోపు నొక్కేయాలి, భోజనానికి పోయేముందు కలిపి పెట్టిన మట్టిని మళ్ళీ వాడనివ్వొద్దు.

నొక్కిన బ్లాకు మీద మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పాలి. తర్వాత నాలుగు వారాలు తడి ఆరకుండా చూడాలి, 28 రోజులు అంటే 28 రోజులే. ఆ తర్వాత కుప్పలోంచి ఏదో ఒకటి తీసి రాత్రంతా బకెట్‌లో ముంచి, పొద్దున అంచును బొటనవేలితో రుద్దండి. మట్టి చేతికి వచ్చిందంటే ఆ కుప్ప గోడలోకి పోకూడదు.

లెక్క ముందే వేసుకోకపోతే ఆగిపోయేది ఇక్కడే

9 అంగుళాల పొడవు, ఏడున్నర వెడల్పు, 4 ఎత్తు ఉన్న బ్లాకు బరువు ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలు. 5 శాతం సిమెంటుతో బస్తాకు 115 దాకా వస్తాయి. 400 చదరపు అడుగుల ఇంటికి లోపలి గోడలతో కలిపి మూడువేల మూడొందల బ్లాకులు పడతాయి. ఇరవై ఇళ్ళంటే 66 వేలు. ఒక చేతి మిషన్ మీద రోజుకు 500 తీశారనుకున్నా 132 పనిదినాలు. అంటే ఒక్క మిషన్‌తో సంక్రాంతికి మొదలుపెడితే వానాకాలం వచ్చేస్తుంది, బ్లాకులు ఇంకా తయారవుతూనే ఉంటాయి. రెండు మిషన్లు పెట్టండి, లేదా సగం ఇళ్ళు ర్యాట్ ట్రాప్‌లో కట్టండి. ఈ చిన్న గుణకారం చేయక ఆగిపోయిన సైట్లు చాలానే ఉన్నాయి.

ఇంకో చిక్కు డబ్బు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు నాలుగు విడతల్లో వస్తాయి. బేస్‌మెంట్ అయ్యాక ఒకటి, గోడలయ్యాక ఒకటి, స్లాబు తర్వాత ఒకటి, ఇల్లు పూర్తయ్యాక చివరిది. ఫొటో తీసి, యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. మామూలు ఇటుక అయితే బేస్‌మెంట్ బిల్లు పడ్డాక లోడు తెప్పించుకోవచ్చు. మట్టి బ్లాకు అలా కాదు, గోడ మొదలుపెట్టే నెల ముందే మిషన్ కిరాయి, సిమెంటు, కూలి అన్నీ పెట్టేసి ఉండాలి. ఆ డబ్బుకు ఏ దశలోనూ బిల్లు ఉండదు. అందుకని ఇంటివాళ్ళను ముందే కూర్చోబెట్టి చెప్పండి: పునాది తవ్విన రోజే బ్లాకుల పని కూడా మొదలవుతుంది, అందుకు ఇంత చేతిలో ఉండాలి. మహిళా సంఘంలో అప్పు తీసుకునేవాళ్ళు ఉంటే ఆ అప్పు బేస్‌మెంట్‌కు కాకుండా బ్లాకులకు అట్టిపెట్టుకోమనండి. టెన్షన్ చాలా వరకు తగ్గుతుంది.

క్యాలెండర్ కూడా గోడకు తగిలించుకోండి, అదీ తిథులున్న క్యాలెండర్. మూఢంలో ముగ్గు పోయరు, ఆషాఢంలో దర్వాజ నిలబెట్టరు. పత్తి ఏరే రోజుల్లో ఆడకూలీలు దొరకరు, నాట్లప్పుడు అసలే దొరకరు. వీటితో వాదించి లాభం లేదు, ముందే తెలిసినవే కాబట్టి షెడ్యూల్‌లో కలుపుకోవాలి. ముహూర్తం లేని రోజుల్లో బ్లాకులు నొక్కడానికి, కడ్డీలు వంచి రింగులు కట్టుకోవడానికి అడ్డేం లేదు.

సుతారికి నేర్పడమే అసలు పని

దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉంటారని పేరు. నందికొండ దగ్గర 1955లో పునాదిరాయి వేసిన సాగర్ డ్యాం రాతితో కట్టిందే. అలాంటి నేల మీద పుట్టిన సుతారికి పని రాదని ఎవరూ అనలేరు. కానీ ముప్పై ఏళ్ళు ఒక రకంగా ఇటుక పేర్చిన చేతికి ఇంకో రకంగా పేర్చమంటే అనుమానం వస్తుంది, రావాలి కూడా. మొదటిసారి ర్యాట్ ట్రాప్ గోడ గీసి చూపిస్తే మా పెద్దమేస్త్రీ కాసేపు కాగితం తిప్పి తిప్పి చూసి, "ఏంది సారూ, ఇటుకను నిలబెట్టి మధ్యల సందు పెడితే గోడ ఆగుతదా?" అన్నాడు. నేను ఉపన్యాసం ఇవ్వలేదు. బేస్‌మెంట్ పక్కన ఖాళీ జాగాలో నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు గోడ ఆయనతోనే కట్టించాను. వారం నీళ్ళు పట్టి, దాని మీద ఇసుక బస్తాలు ఎత్తించాం. ఆయనే భుజంతో నెట్టి చూశాడు. ఆ తర్వాత మిగతా మేస్త్రీలకు నేర్పింది ఆయనే.

అందుకే ప్రతి సైట్లో ముందు ఒక నమూనా గోడ కట్టించండి, వీలైతే ఒక నమూనా ఇల్లు. రాజేంద్రనగర్‌లో ఎన్ఐఆర్‌డీ (జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ) వాళ్ళ రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది, తక్కువ ఖర్చు పద్ధతుల్లో కట్టిన ఇళ్ళు అక్కడ నిలబడి కనిపిస్తాయి. మేస్త్రీలను ఒక రోజు కూలి ఇచ్చి బస్సెక్కించి తీసుకెళ్ళండి, ఆ ఖర్చు మొదటి రెండిళ్ళల్లోనే తిరిగొస్తుంది. మేస్త్రీలకు శిక్షణ కావాలంటే హైదరాబాద్ న్యాక్‌లో (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) ఇస్తారు.

గోడ కట్టే తీరు దగ్గరగా చెప్తాను, ఎందుకంటే తప్పులన్నీ ఇక్కడే. ఇటుకను పడుకోబెట్టకుండా సన్నటి అంచు మీద నిలబెడతాం. లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో మూడంగుళాల సందు. ఆ తర్వాత అడ్డంగా ఒక ఇటుక, రెండు ముఖాలనూ కలిపి పట్టేలా. మళ్ళీ నిలువు జంట, మళ్ళీ అడ్డం. పై వరుసలో అడ్డం ఇటుక కింది వరుస జంట నడుమకు రావాలి. 9 అంగుళాల గోడే, ఇటుక మాత్రం నాలుగోవంతు తగ్గుతుంది, మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి ఎండాకాలం లోపల వేడి తగ్గుతుంది. మాలు పరిచేటప్పుడు సుతారి అలవాటుగా తాపీ నిండా తీసి వెడల్పంతా పరుస్తాడు, సగం మాలు సందులోకి పడిపోతుంది. అలా పడితే సిమెంటు ఆదా పోయింది, గాలి సందూ మూసుకుపోయింది. దీనికి మూడంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవు చెక్కపట్టీ ఒకటి సందు మీద అడ్డం పెట్టి, రెండు వైపులా మాలు పరిచి, చెక్క తీసి ఇటుక పెట్టాలి. మొదటి రోజు విసుక్కుంటారు. మూడో రోజుకు చెక్క లేకపోతే వాళ్ళే అడుగుతారు. అడుగు వరుస, కిటికీ కింది వరుస, లింటెల్ (దర్వాజ, కిటికీల పై దూలం) కింద, స్లాబు కింద మాత్రం సందు లేకుండా నిండుగా కట్టాలి. మూలలు, దర్వాజ పక్కలు కూడా నిండుగానే.

కూలి ఎలా ఇస్తారన్నది కూడా గోడలో కనిపిస్తుంది. గుత్తకు ఇస్తే సుతారి తొందరపడతాడు, అది సహజం, అతని పూట గడవాలి కదా. కొత్త పనిలో మొదటి రెండిళ్ళు రోజు కూలికే చేయించండి, చెయ్యి కుదిరాక గుత్త మాట్లాడండి. నేర్చుకునే రోజుల్లో నష్టం మేస్త్రీ మీద పడితే మూడోరోజు ఇంకో సైటుకు పోతాడు, ఆయనను తప్పుపట్టలేం.

కొలతలు బ్లాకును బట్టి

మట్టి బ్లాకు, మాలు కలిపి పొడవు 24 సెంటీమీటర్లు, ఎత్తు 11. ప్లాను గీసేటప్పుడే గోడల పొడవులు, కిటికీల జాగాలు 24తోనో, అందులో సగం 12తోనో భాగించబడేలా చూసుకోండి. 19 వరుసలకు 2.09 మీటర్లు, అక్కడ లింటెల్ బ్యాండు వస్తుంది. చౌకట్లు దానికి తగ్గట్టే చేయించాలి. ఒక సైట్లో కిటికీ ఫ్రేములు ఇచ్చిన దుకాణం మేము రాసిచ్చిన కొలత కాకుండా వాళ్ళ దగ్గర ఉన్న కొలత పంపింది, నేను దింపుకునేటప్పుడు టేపు పెట్టలేదు. ఒక్కో కిటికీ చుట్టూ బ్లాకులు కోయాల్సి వచ్చింది, కోసిన ముక్కలకు అంచు సరిగా రాదు, ఆరిళ్ళల్లో ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రేము లారీ దిగకముందే టేపు పెట్టండి.

ప్రతి మూలకూ ఒక కర్ర నిలబెట్టి, 11 సెంటీమీటర్లకో గీత గీయించండి. దారం ఆ గీతకు కట్టి వరుస లాగితే నాలుగు గోడలూ ఒకే మట్టానికి వస్తాయి. ఇరవై ఇళ్ళకూ అదే కర్ర తిప్పొచ్చు.

కరెంటు పైపుల సంగతి బేస్‌మెంట్ మీదే తేల్చాలి. నేను చేసేదేంటంటే, బేస్‌మెంట్ ఆరాక ఇంటివాళ్ళందరినీ పిలిచి సుద్దముక్కతో గోడలు నేల మీద గీస్తాను. "ఇది వంటిల్లు, పొయ్యి ఎటు వైపమ్మా?" అని అడుగుతాను. మొగాయన టీవీ ఎక్కడో చెప్తాడు, ఆమె మాత్రం పొయ్యి, సామాన్ల బండ, దేవుడి గూడు, రాత్రి లేస్తే చేతికందే స్విచ్చు అన్నీ చెప్తుంది. దేవుడి గూడు ముఖ్యం, మన ఇళ్ళల్లో గోడలో గూడు లేకుండా కుదరదు, గోడ అయ్యాక తవ్వుదామంటే ర్యాట్ ట్రాప్‌లో అక్కడ ఉండేది సందే. అన్నీ సుద్దతో గీసి ఫొటో తీసి, ఒక కాగితం మీద రాసి ఆమెకూ, ఎలక్ట్రీషియన్‌కూ ఇవ్వండి. పైపు గోడతోపాటే లేవాలి.

స్లాబు రోజు

400 చదరపు అడుగులకు 5 అంగుళాల మామూలు స్లాబు అంటే దాదాపు 4.7 ఘనమీటర్ల కాంక్రీటు, ఎం20 రకం కాంక్రీటుకు ఘనమీటరుకు 8 బస్తాల చొప్పున 38 బస్తాలు. ఫిల్లర్ స్లాబులో కడ్డీల గళ్ళ మధ్య, కింది భాగంలో బెంగుళూరు పెంకులు పెడతాం. స్లాబు కింది సగంలో కాంక్రీటు బరువు మోసే పని పెద్దగా చేయదు, లాగే బలాన్ని కడ్డీ చూసుకుంటుంది, కాబట్టి అక్కడ కొంత కాంక్రీటు బదులు పెంకు సరిపోతుంది. ఊళ్ళో కూల్చిన పెంకుటిళ్ళ పెంకులు కుప్పలుగా ఉంటాయి, పగుళ్ళు లేనివి ఏరుకోండి. కడ్డీల దూరం, పెంకుల జాగా ఇంజనీరు డ్రాయింగ్ ప్రకారమే ఉండాలి, గోడలకు దగ్గరగా ఒక వరుస పెంకు లేకుండా నిండు కాంక్రీటు వదలాలి. పెంకులను ముందురోజు రాత్రి నీళ్ళల్లో నానబెట్టండి, లేకపోతే కాంక్రీటులో నీళ్ళు పీల్చేస్తాయి. పోసేటప్పుడు మనుషులు పెంకుల మీద కాకుండా పలకల మీద నడవాలి.

నీళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. నల్గొండ బోరు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. స్లాబుకు చూడాల్సింది క్లోరైడు, సల్ఫేటు. కడ్డీ ఉన్న కాంక్రీటుకు లీటరులో క్లోరైడు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 దాటకూడదని ఐఎస్ 456 (కాంక్రీటు పనికి మన దేశపు కోడ్) చెప్తుంది. ఉప్పు నీళ్ళతో కలిపిన స్లాబు ఐదారేళ్ళకు కడ్డీ తుప్పు పట్టి పెచ్చులూడుతుంది. ఊరి బోరు నీళ్ళు ఒకసారి ల్యాబులో పరీక్ష చేయించండి, దాటితే ట్యాంకర్ తెప్పించండి. బస్తాకు 25 లీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు పోయనివ్వొద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మిక్సర్ దగ్గర గుర్తు పెట్టిన బకెట్ ఉంచండి, పైపుతో పోసేవాళ్ళను ఆపండి. తడి ఇసుక పొంగి ఉంటుంది, తట్టల లెక్కలో నాలుగోవంతు దాకా తేడా రావచ్చు, అది కూడా చూసుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఐదింటికే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. మడులు కట్టి నీళ్ళు నిలపండి. ఇప్పుడు వచ్చేదంతా ఎక్కువగా పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటే, ఎండాకాలంలో దానికి 14 రోజులు నీళ్ళు ఉండాలి. చిన్న గదుల స్లాబుకు వారానికే కింది ఊతకర్రలు తీయొచ్చని కోడ్ అంటుంది, నేను మాత్రం 14 రోజులు తీయనివ్వను. సెంట్రింగ్ ఆయన తొందరపెడతాడు, అతని కర్రలకు ఇంకో ఇల్లు ఎదురుచూస్తుంటుంది. ఆ కిరాయి రోజులు ముందే మాట్లాడుకుని ఉంటే గొడవ ఉండదు.

సైటు నోటుబుక్కు

ఇరవై ఇళ్ళు గుర్తుపెట్టుకోలేం. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ: పునాది తవ్విన తేదీ, ఏ గుంత మట్టి, ఏ రోజు నొక్కిన బ్లాకులు, ఎవరు కట్టారు, స్లాబు ఏ రోజు, ఎవరు నీళ్ళు పట్టారు. బ్లాకుల కుప్ప మీద సున్నంతో తేదీ రాయించండి, 28 రోజులు అయిందా లేదా అన్న వాదన ఉండదు. కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోయకముందు ఫొటో తీయండి. బిల్లు ఫొటో కోసం కాదు, రేపు ఎవరైనా స్లాబులో కడ్డీ తక్కువైందంటే చూపించడానికి, అంతకంటే ముందు మీకు మీరే సరిచూసుకోవడానికి.

ఇల్లు అప్పగించే రోజు ఇంటామెను గోడ గోడకూ తిప్పి చూపించండి. ర్యాట్ ట్రాప్ గోడలో మేకు కొట్టాలంటే ఎక్కడ కొట్టాలి, పైపు ఎటు పోయింది, మట్టి బ్లాకు గోడకు వాన జల్లు ఎక్కువ తగిలే వైపు ఎటు, అక్కడ సజ్జ కింద నీళ్ళు కారుతుంటే ఏం చేయాలి. సుద్దతో గీసిన ఆ ప్లాను కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకోమనండి. ఒక యాభై బ్లాకులు మాత్రం వెనకాల వేపచెట్టు కింద పేర్చి పట్టా కప్పి వదిలి రండి. ఎప్పుడో పశువు కొమ్ము తగిలి మూల రాలినా, ఇంకో కిటికీ కావాలన్నా, ఆ మట్టిలోంచి వచ్చిన బ్లాకే ఆ గోడకు కలిసిపోతుంది.